కోరొమా రేవులో కార్ల పొడవులు

వింకా బర్చోత్. వయసు అరవై మూడు సంవత్సరాల పది నెలలు. అవివాహిత. కోరొమా ద్వీపంలో రేవుకు ఎగువనున్న మెట్ల వీధిలో, తొంభై ఒక్క ఏళ్ల పినతల్లితో కలిసి నివసిస్తున్నది. ఈమెను నేను నలభై ఒక్క సంవత్సరాలుగా ఎరుగుదును.

ఫెర్రీ సంస్థ వారి క్రమశిక్షణ సంఘం డిసెంబరు తొమ్మిదో తేదీ ఉదయం పది గంటలకు ఈమె విషయం విచారించనున్నది. రేవులోని టికెట్ కిటికీ దగ్గర పనిచేస్తూ, ముప్పై ఏడు సార్లు వాహనాలకు కల్పిత కొలతలు నమోదు చేసిందన్నది అభియోగం. అది నిజమని సంఘం తీర్మానిస్తే ఉద్యోగం పోతుంది. పింఛనుకు ఇంకా పద్నాలుగు నెలలున్నాయి. ద్వీపంలో మరో ఉద్యోగం లేదు. పినతల్లిని వదిలి అవతలి తీరానికి వెళ్లి వెతుక్కునే వీలూ లేదు. కాబట్టి ఆమె ఎటువంటి మనిషో, ఏ పని ఏ విధంగా చేసిందో, నేను చూసినంత వరకు, జరిగిన వరుసలో ఇక్కడ రాస్తున్నాను.

నేను కోరొమా ప్రాథమిక పాఠశాలకు గుమాస్తాగా వచ్చిన ఏడాది ఆమెకు ఇరవై రెండేళ్లు. అప్పుడు రేవు పక్కన సార్డీన్ చేపల కర్మాగారం నడుస్తుండేది. డబ్బాల వరుస చివర ఆమె కూర్చునేది. ప్రతి డబ్బాలోనూ చేపల తోకలు ఒకే దిక్కున ఉన్నాయో లేదో చూసి మూతకు పంపడం ఆమె పని. పదమూడేళ్లు ఆ తోకలు చూసింది. కర్మాగారం మూతపడ్డాక ఫెర్రీ టికెట్ కిటికీలో చేరి ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసింది. చలికాలం రోజుకు రెండు ఓడలు, వేసవిలో అయిదు. ఇన్నేళ్లలో ఒక్క ఓడకైనా ఆమె ఆలస్యంగా కిటికీ తెరిచిందని నేను వినలేదు. మోకాళ్లు వాచిన తరువాత, ఓడకు గంట ముందు కాకుండా గంటన్నర ముందు ఇంటి నుంచి బయలుదేరడం మొదలుపెట్టింది. మెట్ల మీద మూడు చోట్ల కూర్చోవలసి వస్తుంది గనుక.

పినతల్లి రోజూ సాయంత్రం ఒక్క ప్రశ్నే అడుగుతుంది: ఈ రోజు ఎన్ని బండ్లు ఎక్కాయని. వింకా ఒక సంఖ్య చెబుతుంది. ముసలామె తల ఊపి నిద్రకు ఉపక్రమిస్తుంది. విచారణ అయ్యేదాకా వింకాను సస్పెండ్ చేసిన సంగతి ఆమెకు ఇంతవరకు తెలియదు. గత ఆరు వారాలుగా వింకా ఎప్పటిలాగే కోటు తొడుక్కుని, మెట్లు దిగి, మా ఇంటికి వచ్చి వంటగదిలో కూర్చుంటున్నది. సాయంత్రం వెళ్లి ఎప్పటిలాగే సంఖ్య చెబుతున్నది. ఆ సంఖ్య కూడా కల్పితం కాదు. మా వంటగది కిటికీ లోంచి రేవు కనిపిస్తుంది. ఆమె ఒక్కొక్క బండినీ లెక్కపెడుతుంది.

ఇక అసలు సంగతి. ఓడ కింది అంతస్తులో కార్లకు నాలుగు వరుసలున్నాయి. ఒక్కొక్కటి ఇరవై నాలుగు మీటర్ల పొడవు. పూర్వం డ్రైవరు ఎంత చెబితే అంత రాసుకునేవారు. డ్రైవర్లు తమ బండ్లను పొట్టిగా చెప్పడం అలవాటు చేసుకున్నారు. అందుచేత ఈ ఏడాది మార్చిలో సంస్థ ఒక ఉత్తర్వు పంపింది. ప్రతి వాహనం పొడవు, వెడల్పు, ఎత్తు దాని తయారీదారు వెబ్ పేజీలో చూసి ఆ ప్రకారమే నమోదు చేయవలెనని, డ్రైవరు మాట చెల్లదని దాని సారాంశం. ఆ ఉత్తర్వు చూసి వింకా సంతోషించింది. ఇకమీదట ఎవరితోనూ వాదన ఉండదని నాతో చెప్పింది.

అదే నెలలో కిటికీలోని కంప్యూటర్ కార్ల పేజీలు తెరవడం మానేసింది. ఏ కారు పేరు కొట్టినా ఒక బూడిద రంగు పేజీ వచ్చేది. మధ్యలో కళ్లజోడు, చదరపు టోపీ పెట్టుకున్న గుడ్లగూబ బొమ్మ. దాని కింద, "ఈ పేజీ మీకు తగినది కాదు. మీ బాధ్యులను అడగండి" అని రెండు వాక్యాలు. కార్ల పేజీలలో అప్పుల ప్రకటనలూ, పందేల బొమ్మలూ ఉంటాయి గనుక తగని పేజీలను అడ్డుకునే ఫిల్టర్ ఏదో ఆపుతున్నదని మేము అనుకున్నాము. బాధ్యులంటే సంస్థ వారేనని వింకా అనుకున్నది. నేనూ అంతే అనుకున్నాను.

ఆమె సంస్థ వారి కంప్యూటర్ విభాగానికి ఫోన్ చేసిన రోజున నేను ఆ గదిలోనే కూర్చుని ఉన్నాను. అవతలి మనిషి గొంతు నాకూ వినిపిస్తూనే ఉన్నది.

"మిషను ఆపి మళ్లీ పెట్టారామ్మా?"

"రెండుసార్లు పెట్టానండీ."

"పాతవన్నీ క్లియర్ చేశారా? వేరే బ్రౌజర్‌లో చూశారా?"

"మూడింట్లో చూశాను. మూడింట్లోనూ అదే గుడ్లగూబ."

"ఏ గుడ్లగూబ?"

"మీరు పెట్టిందేనండీ."

"మేం గుడ్లగూబలేం పెట్టలేదమ్మా. ఇక్కడ నాకు తెరుచుకుంటోంది చూడండి, చక్కగా వస్తోంది."

ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. వింకా అలసిపోయినప్పుడు చేసే పని అదొక్కటే. ఆ ఫిర్యాదు "సమస్య పరిష్కరించబడినది" అన్న వ్యాఖ్యతో ఆ సాయంత్రమే మూసివేయబడింది. ఆ తరువాత ఆమె ఇచ్చిన పదకొండు ఫిర్యాదులూ అదే వ్యాఖ్యతో మూసివేయబడ్డాయి. గుడ్లగూబను తాము పెట్టలేదని ఆ మనిషి స్పష్టంగా చెప్పిన మాట మీద ఆ రోజు నేను నిలిచి ఆలోచించి ఉంటే ఈ నివేదిక అవసరం ఉండేది కాదు. నేను ఆలోచించలేదు. అతను విసుగులో ఏదో అన్నాడనుకున్నాను.

అయినా ఓడలు ఆగవు, బండ్లూ ఆగవు. కిటికీకి ఎదురుగా ఇరవై అడుగుల దూరంలో కుజ్మా కాఫీ దుకాణం ఉంది. అతని ఫోనులో అన్ని పేజీలూ తెరుచుకుంటాయి. ఏప్రిల్ మొదటి వారం నుంచి వింకా కిటికీలోంచి కారు పేరూ, తయారైన సంవత్సరమూ పలికేది. కుజ్మా కాఫీ యంత్రం దగ్గర నిలబడి ఫోనులో వెతికి పొడవు, వెడల్పు, ఎత్తు తిరిగి పలికేవాడు. ఆ పనిలో ఎన్ని చిక్కులున్నాయో ఆ వేసవిలోనే మాకు తెలిసింది. ఒకే పేరున్న కారు మూడేళ్లకొకసారి పెరుగుతుంది. ఒక పేజీలో వెడల్పు అద్దాలతో కలిపి ఉంటుంది, ఇంకొక పేజీలో అద్దాలు లేకుండా ఉంటుంది. వెనక కొక్కెం ఏ పేజీలోనూ ఉండదు. వింకా అవన్నీ అడిగి మరీ రాసుకునేది.

దుకాణం ముందు బల్ల మీద కూర్చునే వృద్ధులకు అది రోజూ వినోదమైంది. ఒక వేసవి యాత్రికుడు తన కారు నాలుగున్నర మీటర్లే ఉంటుందని వాదించాడు. కుజ్మా నాలుగు అరవై నాలుగని పలికాడు. బల్ల మీది వారిలో ఒకరు, "పోయినేడు నాలుగున్నరేలే నాయనా, మా ఊరి తిండికి ఒళ్లు చేసింది" అన్నారు. ఆ యాత్రికుడు కూడా నవ్వి టికెట్ తీసుకున్నాడు. వింకా నవ్వలేదు. వెనక పదహారు బండ్లున్నాయి.

ఇక్కడ మా ద్వీపపు అలవాటు ఒకటి చెప్పక తప్పదు. చెప్పకూడని సంగతే గాని, యెర్కో అనే ఆలివ్ రైతు అనుమతితో రాస్తున్నాను. మా దగ్గర పాత రెనో ఫోర్ కార్లు చాలా ఉన్నాయి. వాటి వెనక తలుపు తీసివేసి, ఆ చోట మల్బరీ చెక్కతో చేసిన పెట్టెను నాలుగు బోల్టులతో బిగిస్తారు. వలలకూ ఆలివ్ బుట్టలకూ అది లేకపోతే పని జరగదు. ఏటా వాహన తనిఖీకి వెళ్లే ముందు బోల్టులు విప్పి పెట్టెను ఇంట్లో ఉంచి పాత తలుపు పెడతారు. తిరిగి వచ్చాక మళ్లీ పెట్టె బిగిస్తారు. కాగితాల మీద ఆ పెట్టె ఎక్కడా లేదు. తయారీదారు పేజీలోనూ లేదు.

వింకా దగ్గర రెండు మీటర్ల రెల్లు గడ ఒకటి ఉన్నది. సెంటీమీటరుకొక గాటు ఆమే పెట్టుకున్నది. పెట్టె ఉన్న బండి వస్తే ఆమె కుజ్మా చెప్పిన పొడవుతో ఊరుకునేది కాదు. వాచిన మోకాళ్లతో బయటికి వచ్చి గడతో కొలిచేది. మే నెలలో ఒక రోజు యెర్కో ముందుకు వంగి కిటికీలో తల పెట్టాడు.

"కుజ్మా మూడు అరవై ఆరు అన్నాడు. చెవులారా విన్నావు. రాసెయ్ వింకా."

"నీ పెట్టె కుజ్మా ఫోన్లో లేదు యెర్కో. పక్కకి జరుగు."

ఆమె కొలిచి నాలుగు ముప్పై ఒకటి అన్నది.

"నీకు నా మీద కక్ష."

"నీ మీద కక్ష ఏముంటుంది, ఓడ ర్యాంపు తలుపు మీద జాలి" అని ఆమె లోపలికి వెళ్లి నాలుగు ముప్పై ఒకటే రాసింది. నమోదు పట్టికలో కారణం రాయడానికి గడి లేదు. అటువంటి నమోదులు మార్చి నుంచి అక్టోబరు వరకు ముప్పై ఏడు.

ఈలోగా నేను ఆమె తరఫున ఉత్తరాలు రాశాను. నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఉత్తరానికి తేదీ, విషయం, సూచిక, కింద సంతకం ఉండవలసిన పద్ధతి నాకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. సంస్థ కార్యాలయానికి పద్దెనిమిది ఉత్తరాలు రిజిస్టరు పోస్టులో పంపాను. ప్రతి ఉత్తరానికీ నకలు తీసి దారంతో కుట్టి ఉంచాను. రసీదులు వచ్చాయి. జవాబులు రాలేదు. ఒక రోజు వింకా ఆ కట్టను చేతిలో పట్టుకుని బరువు చూసి, "బార్బా, దీని కొలతలు కూడా రాసుకోమంటావా" అన్నది. మా దగ్గర పెద్దవారిని బార్బా అని పిలుస్తారు. హాస్యానికే అన్నదని నాకు తెలుసు, అయినా ఆమె గొంతులో హాస్యం చాలా తక్కువగా ఉన్నది.

అక్టోబరు పద్నాలుగో తేదీ ఉదయపు ఓడలో సంస్థ తనిఖీ అధికారి శ్రీ తిహోమిర్ గ్రబార్ వచ్చారు. ముందుగా ఎవరికీ చెప్పలేదు. మెరిసే బూట్లతో, చేతిలో తోలు సంచితో దిగి, కుజ్మా దుకాణంలో కాఫీ తెప్పించుకుని కూర్చున్నారు. ఆయన ఓడల అధికారి అని ద్వీపంలో ఒక్కరికీ తోచలేదు. అటువంటి బూట్లు వేసుకుని వచ్చేవారు వాహన తనిఖీ వారే అయి ఉంటారని అందరూ అనుకున్నారు. గంటలోగా ద్వీపం నలుమూలలా బోల్టులు విప్పేశారు. పెట్టెలు పశువుల కొట్టాలలోకీ, టార్పాలిన్ల కిందికీ వెళ్లిపోయాయి. పాత తలుపులు మళ్లీ కార్లెక్కాయి. ఇదంతా ఎవరూ ఎవరికీ హాని తలపెట్టి చేసినది కాదు. నలభై ఏళ్లుగా చేస్తున్న పని ఆ రోజూ చేశారు.

గ్రబార్ గారు కాఫీ తాగుతూ కిటికీకీ దుకాణానికీ మధ్య నడిచిన కొలతలన్నీ విన్నారు. తరువాత లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. నేను అక్కడే ఉన్నాను.

"ఈ కొలతలు మీకు చెబుతున్నదెవరు?"

"కుజ్మా అండీ."

"ఆయన సంస్థ ఉద్యోగా?"

"కాదండీ. కాఫీ పెడతాడు."

"మీ కంప్యూటర్‌లో ఎందుకు చూడరు?"

"చూడనివ్వదండీ. మార్చి నుంచి చెబుతూనే ఉన్నాను."

ఆయన తన సంచిలోంచి సొంత కంప్యూటర్ తీసి, సొంత ఫోను లైను మీద కారు పేజీ తెరిచారు. అది వెంటనే తెరుచుకున్నది. ఆయన ఆమె వైపు చూశారు. తరువాత మార్చి నుంచి ఆమె నమోదు చేసినవన్నీ కారు రకాలవారీగా ఆ పేజీలతో పోల్చారు. మధ్యాహ్నం దాటింది. వేలకు వేలు సరిపోయాయి. ముప్పై ఏడు సరిపోలేదు.

"ఇక్కడ మూడు అరవై ఆరు. మీరు రాసింది నాలుగు ముప్పై ఒకటి. ఈ అరవై అయిదు సెంటీమీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయి?"

"పెట్టె నుంచండీ."

"ఏ పెట్టె?"

ఆమె వివరించింది. ఆయన విన్నారు. న్యాయంగా చెప్పవలెనంటే, ఆయన ఆ మాట కొట్టివేయలేదు. బండి చూపించమన్నారు. ముగ్గురం ఎండలో నడిచి యెర్కో ఇంటికి వెళ్లాము. వాకిట్లో రెనో ఫోర్ కడిగి నిలిపి ఉన్నది. వెనక తలుపు ఉన్నది. పెట్టె లేదు. గ్రబార్ గారు టేపు తీసి కొలిచారు. మూడు మీటర్ల అరవై ఆరు సెంటీమీటర్లు.

వింకా యెర్కో ముఖంలోకి చూసింది.

"పెట్టె ఎక్కడ పెట్టావు యెర్కో?"

"పెట్టా? ఏం పెట్టె వింకా?" అని యెర్కో బూట్ల వైపు చూశాడు. తన బూట్ల వైపు కాదు, గ్రబార్ గారి బూట్ల వైపు. పెట్టె అతని వెనకే కట్టెల కుప్ప మీద టార్పాలిన్ కింద ఉన్నది. దాని మూల ఒకటి నాకు కనిపించింది. నేను నోరు తెరవబోయాను. వింకా నా మోచేతి మీద చెయ్యి వేసి ఆపింది. యెర్కోకు జరిమానా పడుతుందని ఆమె భయం. ఆమె మౌనానికి ఆనాడు కారణం అదే గాని, దోషం కాదు. నేను మాట్లాడకపోవడానికి మాత్రం ఆమె చెయ్యి చాలిన కారణం కాదు. ఈ మాట సంఘం వారు నమోదు చేసుకోవలెను.

అక్టోబరు ఇరవై ఒకటిన సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చింది. అందులో "కల్పిత కొలతలు" అన్న పదాలు మూడు చోట్ల ఉన్నాయి. ఆమె స్థానంలో అవతలి తీరం నుంచి సాన్యా అనే ఉద్యోగిని వచ్చింది. సంస్థ ఇచ్చిన ఫోనులో పేజీలు తెరుచుకుంటాయి గనుక ఆమె ఉత్తర్వులో ఉన్నది ఉన్నట్టు నమోదు చేసింది. ఆమెను నేను తప్పు పట్టడం లేదు.

నవంబరు ఎనిమిదో తేదీ మా ద్వీపం వారికి గానుగ రోజు. ఆలివ్ కాయలు కోసిన మరుసటి రోజుకల్లా అవతలి తీరంలోని గానుగకు చేరాలి. ఆలస్యమైతే బుట్టల్లో వేడెక్కి నూనె పాడైపోతుంది. ప్రతి కుటుంబానికీ గానుగ వారు ఒక గంట కేటాయిస్తారు. ఆ ఉదయం మిగతా వాహనాలతో పాటు, పెట్టెలు బిగించిన బండ్లు పన్నెండు రేవులో నిలిచాయి. సాన్యా పన్నెండింటికీ మూడు అరవై ఆరు అని రాసింది. అన్ని బండ్లూ పడతాయని కంప్యూటర్ చూపించింది. బండ్లన్నీ లోపలికి వెళ్లాక ర్యాంపు తలుపు పైకి లేచి మూతపడలేదు. నాలుగు వరుసల్లోనూ చివరి బండి రెండేసి మీటర్లు బయటే ఉన్నది.

మా వంటగది కిటికీ దగ్గర నిలబడి వింకా అదంతా చూసింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. లెక్క కూడుతున్నదని నాకు అర్థమైంది. "ఒక్కో వరుసకి ముగ్గురు యెర్కోలు" అన్నది చివరకు, అంతే. మూడు పెట్టెలు కలిపితే దాదాపు రెండు మీటర్లు. కూర్చున్నది.

కెప్టెన్ నాలుగు బండ్లను దింపివేశాడు. ఉత్తరపు గాలి మొదలై మధ్యాహ్నపు ఓడ రద్దయింది. మరునాడూ ఓడ రాలేదు. నాలుగు కుటుంబాల కాయలు రేవులోనే వేడెక్కాయి. దిగిన నాలుగింటిలో మొదటిది యెర్కోది.

మరునాటి సాయంత్రం యెర్కో మా ఇంటికి వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. అతని చేతులకు పులిసిన ఆలివ్ వాసన ఉన్నది. వింకా ఉల్లిపాయలు తరుగుతున్నది. తల ఎత్తలేదు.

"వింకా, నేను వెళ్లి చెబుతాను. పెట్టె నెత్తిన పెట్టుకుని ఓడెక్కుతాను, ఆ బూట్లాయన ముందు దించుతాను."

"జరిమానా వేస్తారు."

"వెయ్యనీ. ఆయన వాకిట్లో కొలిచినప్పుడే చెప్పాల్సింది."

"కాయలు ఎన్ని పోయాయి?"

"అన్నీ."

ఆమె కత్తి పక్కన పెట్టి, అతనికి కుర్చీ చూపించి, ఒక పళ్లెం ఎక్కువ పెట్టింది. యెర్కో వాంగ్మూలం, ఆ ముప్పై ఏడు నమోదులకూ సంబంధించిన మరి పదకొండు మంది బండి యజమానుల సంతకాలు, ప్రతి పెట్టె పొడవు ఈ నివేదికకు జతపరిచాను. పెట్టెలను నేనే వింకా గడతోనూ, ఉక్కు టేపుతోనూ కొలిచాను. ఆమె నమోదు చేసిన అంకెలకు ఎక్కడా ఒక సెంటీమీటరుకు మించి తేడా రాలేదు.

మిగిలినది ఒక్క సంగతి. అది నాకు సంబంధించినది.

సస్పెన్షన్ తరువాత పంతొమ్మిదో ఉత్తరాన్ని సంస్థకు కాక, రాజధానిలో ఇంటర్నెట్ లైన్లు చూసే కార్యాలయానికి రాశాను. నవంబరు ఇరవై ఏడున జవాబు వచ్చింది. కోరొమా రేవు టికెట్ కిటికీ పేరిట తమ దగ్గర ఏ లైనూ లేదని, ఆ భవనానికి వెళ్లే లైను కోరొమా ప్రాథమిక పాఠశాలదని, పాఠశాలల లైన్లన్నిటికీ ఈ మార్చి నుంచి పిల్లల కోసం ఫిల్టర్ అమర్చామని, మార్పులు కోరదలిస్తే పాఠశాల గుమాస్తా సంతకంతో అడగవలెనని అందులో ఉన్నది.

పాఠశాల పదమూడేళ్ల కిందట మూతపడింది. చివరి ఏడాది ఇద్దరే పిల్లలున్నారు. మరుసటి ఏడాది తుఫానుకు రేవులోని పాత టికెట్ గది కొట్టుకుపోతే, కిటికీని రేవు ఒడ్డునే ఉన్న పాఠశాల కింది గదిలోకి మార్చారు. లైను అక్కడ ఉన్నది గనుక దాన్నే వాడుకున్నారు. అంటే ఎనిమిది నెలలపాటు ఆ గుడ్లగూబ వింకాను ఒకటో తరగతి పిల్లగా చూసింది. కార్ల పేజీలు ఆమె వయసుకు తగినవి కావని ఆపింది.

ఆ పాఠశాల గుమాస్తాను నేను. లైను కోసం దరఖాస్తు మీద సంతకం చేసింది నేను. మూసివేసిన జూన్ నెలలో లైను రద్దు చేయమని ఉత్తరం రాసిందీ నేనే. ఆ ఉత్తరం ఇప్పటికీ నా సొరుగులో ఉన్నది. దాన్ని శుద్ధప్రతి రాసే నాటికి, ముందురోజే పాఠశాల ముద్రను జిల్లా కార్యాలయానికి అప్పగించివేశాను. ముద్ర లేని ఉత్తరం పంపడం నాకు అలవాటు లేదు. ముద్ర ఒక్కసారికి తిరిగి ఇప్పించమని అడుగుదామనుకుని పక్కన పెట్టాను. పదమూడేళ్లు పక్కనే ఉన్నది.

జవాబును వింకాకు చదివి వినిపించి, సొరుగులోని కాగితం ఆమె ముందు పెట్టాను. ఆమె రెండూ చదివింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"చక్కటి దస్తూరీ బార్బా" అన్నది.

నేను క్షమించమని అడిగాను. ఆమె చెయ్యి ఊపింది. అది అవుననో కాదనో నాకు తెలియలేదు.

"అంతా రాసి పంపుతాను. నలభై ఒక్కేళ్లుగా నువ్వు ఎలాంటి మనిషివో కూడా రాస్తాను" అన్నాను.

"నన్ను మంచిదాన్నని రాయొద్దు. మంచిదాన్నో కాదో వాళ్లకెందుకు. పొడవులు సరైనవని రాయి. అంతే చాలు. నాకు ఓపిక లేదు."

మధ్యాహ్నపు ఓడ రేవుకు చేరుతున్నది. ఆమె కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుని, పినతల్లి కోసం లెక్క మొదలుపెట్టింది.

ఆమె కోరిన ప్రకారమే రాశాను. కాబట్టి క్రమశిక్షణ సంఘం వారికి నేను చేసుకునే మనవి ఇది. వింకా బర్చోత్ నమోదు చేసిన ముప్పై ఏడు కొలతలూ పెట్టెలతో సహా ఆ వాహనాల నిజమైన కొలతలేనని గుర్తించి, ఉత్తర్వులో మూడు చోట్లనున్న "కల్పిత" అన్న పదాన్ని కొట్టివేసి, ఆమెను పింఛను తేదీ వరకు మునుపటి కిటికీలోనే, మునుపటి రెల్లు గడతోనే పనిచేయనీయవలసినదిగా ప్రార్థిస్తున్నాను. పాఠశాల లైను రద్దు చేయమని పదమూడేళ్ల కిందట రాసిన నా ఉత్తరాన్ని ఈ రోజే విడిగా సంబంధిత కార్యాలయానికి పంపించాను. దాని మీద ముద్ర లేదు. దీని మీదా లేదు. ఆ కారణంగా ఈ మనవిని తోసిపుచ్చవద్దని, ఇందులో ఎక్కడైనా లోపం కనిపిస్తే దానికి ఆమెను కాక నన్ను పిలిపించి అడగవలసినదిగా కోరుతున్నాను.

షిమే లుక్షిచ్,
కోరొమా ప్రాథమిక పాఠశాల పూర్వ గుమాస్తా
డిసెంబరు రెండో తేదీ